జీడి పెట్టిన మీసాలు

మా పాప తెలియక కొరికింది. నేను తెలిసి కొరికాను. ఈ ఒక్క ముక్క ముందే ఒప్పేసుకుంటే, మిగతాది చదువుతూ నన్ను తిట్టుకునే శ్రమ మీకు కొంత తగ్గుతుంది.

కొరికింది పచ్చి జీడిపిక్కని. మిఠాయి కొట్లో దొరికే తెల్లటి పప్పు కాదు; చెట్టునుంచి రాలింది రాలినట్టే, గట్టి పెంకులాంటి బూడిదరంగు డొక్కతో ఉన్న పిక్కని. ఆ డొక్కలో జిగురులాంటి నూనె ఒకటుంటుంది. ఒంటికి తగిలితే నిప్పు తగిలినట్టే. బొబ్బలెక్కి, నల్లబడి, పొర ఊడితే గాని వదలదు. జీడితోటలున్న ఊళ్ళలో ఈ సంగతి నడక రాని పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. హైస్కూల్లో తెలుగు చెప్పుకునేవాణ్ణి, నాకు తెలియదని చెప్పుకునే సదుపాయం కూడా లేదు.

కాకపోతే మాది గరివిడి. అక్కడ పుట్టినవాడికి ఫ్యాక్టరీ పొగ వాసన తెలుస్తుంది గాని తోటల వాసన తెలియదు. మా చిన్నప్పుడు జీడిపప్పు చెట్టుకి కాసేది కాదు, పాయసంలో తేలేది. అదీ వడ్డించేవాడికి మనమీద దయ ఉంటే. పెళ్ళయ్యాక గాని ఆ పప్పుకి పైన ఒక డొక్క, ఆ డొక్కకి పైన ఒక పండు, ఆ పండు వెనకాల ఒక బావ ఉంటారని నాకు తెలియలేదు.

బావ అంటే మా ఆవిడ అన్నగారు. ఉద్దానంలో జీడితోట ఉంది. ఆయన నన్ను బావా అంటాడు, నేనూ ఆయన్ని బావా అంటాను. పిలుపులో ఇద్దరం సమానం. మిగతా అన్నిటిలో తనదే పైచెయ్యని ఆయన నమ్మకం. మొన్న వేసవిలో ఒక సాయంత్రం కోటబొమ్మాళిలో మేం అద్దెకుంటున్న ఇంటికి బండిమీద వచ్చి, ఒక సంచీడు పచ్చి పిక్కలు అరుగుమీద దించాడు.

"ఎండలో పడీ బావా. బాగా ఎండనీ. వచ్చే ఆదివారం నేనొచ్చి కాల్సి, కొట్టి, పప్పు తీసి ఇస్తాను. అందాకా నువ్వు ముట్టుకోకు. గుంటకి అందనీకు." గుంట అంటే మా పాప.

"మేం జీడి సూడనేదేటి బావా?"

"సూసుంటావులే. గరిటెతో."

ఆ మాట నా మనసులో పడింది. పడి, అక్కడే మొలకెత్తింది. మనిషికి తెలివి ఎక్కడ తక్కువో అక్కడే పౌరుషం ఎక్కువ ఉంటుంది కాబోలు, మర్నాడు పొద్దున్నే నేనే పట్టా పరిచి, పిక్కలు పోసి, ఈ పనిలో పుట్టి పెరిగినవాడిలా చేత్తో కలియబెట్టాను కూడా.

మా ఆవిడ ఏఎన్నెం. ఊళ్ళో తల్లులందరికీ పిల్లల జాగ్రత్తలు చెప్పడం ఆవిడ ఉద్యోగం. తండ్రులకి చెప్పడం ఆ ఉద్యోగంలోకి రాదు గనక నాకు విడిగా, ఓవర్‌టైమ్ లాగా చెబుతుంది. సోమవారం ఆవిడకి శ్రీకాకుళంలో శిక్షణ. పొద్దున్న రైలుకి వెళ్తూ గుమ్మంలో ఆగి, "పాపని కంటికి రెప్పలా చూసుకోండి. సెలవులే కదా, వేరే పనేటీ నేదు మీకు" అంది.

"వేరే పనెందుకు, అదే చూసుకుంటాను" అన్నాను.

ఆవిడ వీధి మలుపు తిరిగాక అరుగు స్తంభానికి అద్దం తగిలించి గెడ్డం గీసుకోవడం మొదలుపెట్టాను. పాపకి నాలుగేళ్ళు. పట్టా పక్కన కూర్చుని తన బొమ్మలకి వంట చేస్తోంది. చిట్టి మూకుడులో పిక్కలున్న సంగతి నేను అద్దంలో చూశాను. చూసి, ఎండిన పిక్కలే కదా అనుకున్నాను. ఒక్క రోజు ఎండకి పిక్క ఎండదని తెలియడానికి తోట ఉండక్కర్లేదు, కాస్త తడి ఉన్న బుర్ర ఉంటే చాలు.

"నాన్నా, కారం!"

తిరిగి చూస్తే పాప నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, రెండు చేతులూ ఊపేస్తోంది. ఒళ్ళో సగం కొరికిన పిక్క. డొక్క చీలినచోట గోధుమరంగు చెమ్మ.

ఇక్కడ తెలివైన తండ్రి ఎవరైనా పిల్లని ఎత్తుకుని నీళ్ళ దగ్గరికి పరుగెడతాడు. నేను ముందు పిక్కని ఎత్తుకున్నాను. ఎంత మండుతోందో తెలిస్తే కదా దానికి తగ్గ వైద్యం చెయ్యడం అని ఆ క్షణంలో నా బుర్రకి తోచిన తర్కం. పాప కొరికినచోటే నేనూ కొరికాను. మొదట ఏమీ అనిపించలేదు. "ఏం లేదు తల్లీ, ఉత్త..." అన్నాను. ఆ తర్వాతి మాట ఇప్పటికీ బాకీ ఉంది. పైపెదవి మొదలుకొని ముక్కు కిందివరకూ ఎవరో కాల్చిన అట్లకాడ ఆనించినట్టయింది.

అప్పుడు పరుగెత్తాను. పిక్క దెబ్బకి పిక్కబలం వచ్చింది. నూతి దగ్గర పాప నోరు కడిగాను, పుక్కిలింపించాను, సబ్బు పెట్టి మూతి రుద్దాను, కొబ్బరినూనె పూశాను, పంచదార తినిపించాను. తర్వాత నాకు నేను చేసుకున్నాను, పంచదారతో సహా. పాప ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. పెరుగన్నం పెడితే చల్లగా ఉందని తింది కూడా. నేను పిక్కలన్నీ సంచిలోకెత్తి అటకమీద పెట్టి, నేల కడిగి, గండం గడిచిందనుకున్నాను. చేతులు కడగడం మాత్రం మరిచిపోయాను. నావి కాదు, పాపవి. పిక్కని పట్టుకున్నవి, డొక్కని గోటితో గిల్లినవి, ఏడుస్తూ కళ్ళు నులుముకున్నవి ఆ చేతులే.

ఎండ గుమ్మంలోకి వచ్చే వేళకి ఇద్దరికీ పైపెదవి ఉబ్బింది. పెదవిమీద, ముక్కు కింద, గోధుమరంగు చార. పాప అద్దంలో చూసుకుని, "నాన్నా, మీసాలు!" అంది. ఆ మాటకి నాకు నవ్వొచ్చింది, నవ్వితే పెదవి లాగింది. నేను పొద్దున్నే నున్నగా గీసుకున్నచోట జీడి తనంతట తాను మీసం పెట్టింది. 'జీడిగింజా, నీకు సిగ్గు లేదా అంటే, నల్లనిదాన్ని నాకేటి సిగ్గు అందట' అని ఒక సామెత ఉంది. క్లాసులో ఎన్నిసార్లో చెప్పాను. దానికి లేకపోతే పోనీ, నాకుందిగా! కిటికీ తలుపు వేశాను.

తలుపు వేస్తూ వెనక్కి తిరిగితే పాప కుడికన్ను చిట్లించుకుని ఉంది.

"ఏమైంది తల్లీ?"

"దురద."

రెప్ప ఎర్రగా ఉంది. కాస్త ఉబ్బింది. దోమ కుట్టిందేమో అనుకోవాలని చాలా ప్రయత్నించాను. నీళ్ళతో కడిగాను. మళ్ళీ కడిగాను. కడిగిన కొద్దీ ఉబ్బుతోంది. నులుముకోకుండా ఆమె రెండు చేతులూ నా చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాను. చేతులు ఖాళీ లేవు, బుర్ర మాత్రం పూర్తిగా ఖాళీ.

మా ఆవిడకి ఫోన్ చెయ్యాలి. శిక్షణలో ఉంటుంది, ఫోన్ మోగదు, అనుకున్నాను. మోగితే ఏం చెప్పాలన్నది అసలు సంగతి. పాప కొరికిందని చెప్పొచ్చు. నేనూ కొరికానని ఎలా చెప్పడం? అత్తగారికి చెయ్యొచ్చు. ఆవిడకి ఇలాంటివి చాలా తెలుసు. కాని ఆవిడ పక్కనే బావ ఉంటాడు. బావకి తెలిస్తే పలాసనుంచి ఇచ్ఛాపురందాకా తెలుస్తుంది. ఒకవైపు పాప కన్ను, ఒకవైపు నా మూతి. ఆ రెండిటినీ నేను తూచుతూ కూర్చున్నానని ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. కాని తూచాను. పైగా ఫోన్లో వీడియోలు చూశాను. ఒకాయన నెయ్యి రాయమన్నాడు. ఇంకొకావిడ నిమ్మరసం అంది. మూడో ఆయన ముందు తన ఛానెల్‌కి గంట కొట్టమన్నాడు.

తలుపు కొట్టిన చప్పుడైంది. ఎదురింటి పెద్దమ్మ. ఆదివారంపూట చర్చిలో ముందు వరసలో కూర్చుంటుంది, మిగతా రోజుల్లో మా వీధికంతటికీ ఆవిడే ముందు వరస. నేను తువ్వాలు మూతికి అడ్డం చుట్టుకుని తలుపు ఓరగా తీశాను.

"పట్టపగలు తలుపులేసుకున్నారు, ఏటి మాస్టారూ? ఆ మూతికి తువ్వాలేటి?"

"పన్నునొప్పి పెద్దమ్మా."

నా నడుం పక్కనుంచి పాప తల బయటికి పెట్టింది. దాని మూతికీ చేతిరుమాలు కట్టి ఉంచాను.

"గుంటకీ పన్నునొప్పేనా?"

"మా ఇంటి పళ్ళే అంత."

పాపకి ఈ మర్యాదలేవీ తెలియవు. రుమాలు కిందికి లాగేసి, "జీడి కొరికాం పెద్దమ్మా. నేనొకటి, నాన్నొకటి" అంది.

ఒకటే పిక్క అని దిద్దబోయి ఊరుకున్నాను. పెద్దమ్మ నవ్వడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ముందుకి వంగి పాప గెడ్డం పట్టుకుని వెలుగువైపు తిప్పింది.

"ఓలమ్మా! కన్నేటి బాబూ ఇలగున్నాది?"

"అదే చూస్తున్నాను పెద్దమ్మా."

"ఏటి సూస్తన్నావు? ఎంతసేపట్నుంచి సూస్తన్నావు? మూతిదేవుంది, నేడు కాకపోతే రేపు తగ్గుతాది. కన్ను దగ్గర సిగ్గేటి? టెక్కలి ఎల్లిపో బాబూ, కంటాస్పత్రికి. ఇల్లు నేను సూస్తాను."

పాప ఎడమకన్ను చేత్తో మూసుకుంది. ఆటకే మూసుకుంది. మూసుకుని నావైపు తిరిగి, "నాన్నా, నువ్వు కనపడ్డం లేదు" అంది.

ఉబ్బిన రెప్ప తెరుచుకోక కనబడడం లేదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు తెలియదు. గుమ్మంమీదే కూర్చుండిపోయాను. పెద్దమ్మ నన్ను పట్టించుకోకుండా పాప తలమీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, ఈ బిడ్డ కన్ను నీ సేతిలో పెడతన్నాను తండ్రీ. దీని సూపు కాపాడు. ఈ మాస్టారికి సదువిచ్చావు తండ్రీ, దాంతోపాటు ఇంకొంచెం ఏదైనా ఇవ్వు. ఆమేన్."

"ఆమేన్" అంది పాప. నేనూ అన్నాను. అడిగింది నాకోసం కూడా కదా.

బండిమీద తీసుకెళ్ళడానికి లేదు, పాప చేతులు ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి. సర్వీసు ఆటో ఎక్కాలి. కరోనా నాటి మాస్కులు బీరువా సొరుగులో మిగిలిపోయి ఉన్నాయి. నాదొకటి, కుందేలు బొమ్మలున్న పాపదొకటి. ఇద్దరం అవి పెట్టుకుని రోడ్డెక్కాం. ఆటోలో అప్పటికే జనం కిక్కిరిసి ఉన్నారు. మమ్మల్ని చూడగానే అంతమంది ఎలా సర్దుకున్నారో, ఒక సీటు మొత్తం ఖాళీ అయిపోయింది.

"మళ్ళీ వచ్చిందేటి బాబూ?" అడిగింది బుట్టతో ఉన్న ఒక ముసలమ్మ, బుట్టనే మొహానికి అడ్డం పెట్టుకుని.

"లేదమ్మా. దుమ్ము పడక."

"దుమ్ముకి పిల్ల కన్ను అలగ వాస్తాదేటి?"

జవాబు పాప దగ్గర ఉంది గాని, దాని నోటిమీద అప్పటికే నా చెయ్యి ఉంది. దారి పొడుగునా చేలన్నీ కోసి ఎండిపోయి ఉన్నాయి. ఆటోవాడు ప్రతి చెట్టుదగ్గరా ఆపుతున్నాడు, ఎవరైనా ఎక్కుతారేమో అని. మాస్కులు చూసి ఎవరూ ఎక్కడం లేదు. ఆగినప్పుడల్లా నేను పాప మొహంలోకి వంగి చూసేవాణ్ణి. చూసిన ప్రతిసారీ రెప్ప ఇంకొంచెం ఎత్తుగా కనిపించేది. కంటికి రెప్పలా చూసుకోమంటే, ఆ రెప్పనే కాల్చి తీసుకెళ్తున్నానని ఆవిడకి ఏ మొహంతో చెప్పాలి? ఉన్న ఒక్క మొహమూ ఇలా ఉంది.

ఆస్పత్రి బెంచీమీద కూర్చున్నాక పాప నా ఒళ్ళో నిద్రపోయింది. నిద్రలో కూడా దాని చెయ్యి కంటివైపు వెళ్తోంది, నేను దించుతున్నాను. ఎదురుగా గోడమీద కంటిబొమ్మ ఒకటి, పొరలు పొరలుగా కోసి చూపించినది. చూడకూడదనుకుంటూనే చూశాను. ఎంత పల్చటి పొర! ఆ పిక్క డొక్కలోని నూనె మనిషి తోలునే లేపేస్తుంది, ఇంత పల్చటిదాన్ని ఏం చేసి ఉంటుంది? పాప పెద్దదయ్యాక బడిలో ముందు బెంచీలో కూర్చుని, బోర్డు కనపడక పక్కపిల్ల పుస్తకంలోకి చూస్తున్నట్టు, ఎందుకలా అని టీచరు అడిగితే, 'మా నాన్న గెడ్డం గీసుకుంటున్నాడండీ' అని చెబుతున్నట్టు, లేనిపోనివన్నీ వరసగా కనపడ్డాయి.

అప్పుడు ఫోన్ తీశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చెయ్యబోతుంటే ఆవిడే చేసింది.

"ఏటండీ?"

చెప్పాను. నా మూతితో సహా, ఒక్కటీ దాచకుండా చెప్పాను.

"కన్ను తెరుస్తోందా?"

"వాపు... తెరవడం లేదు."

"నులమనివ్వకండి. నేను వచ్చేస్తన్నాను."

ఒక్క తిట్టు తిట్టినా కాస్త నిబ్బరంగా ఉండేది.

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. పాపని నిద్ర లేపకుండానే నా ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టించి, రెప్ప రెండు వేళ్ళతో విప్పింది. పాప లేచి కెవ్వుమంది. నేను తల పట్టుకున్నాను, నర్సు కాళ్ళు పట్టుకుంది. సెలైన్ ధారగా పోసి కడిగారు. ఏదో నారింజరంగు కాగితం ముక్క కంటికి తాకించారు. కన్నీళ్ళు పసుప్పచ్చగా కారాయి. లైట్లన్నీ ఆర్పి, నీలం దీపం వేసి, డాక్టరమ్మ వంగి చూసింది. చూస్తూనే ఉంది. ఎంతసేపో నాకు తెలియదు. ఆ గదిలో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడొక్కటీ బాగా గుర్తుంది.

"నల్లగుడ్డుకి ఏమీ కాలేదు" అంది. "లోపలికి వెళ్ళలేదు. రెప్పదాకానే. చుక్కలు వెయ్యండి, నాలుగు రోజుల్లో వాపు తీసేస్తుంది."

నేను సరేనండీ అన్నాననుకుంటాను. మాస్కు తడిసింది, అంతే. అది చూసి ఆవిడ, "మీకేమైంది? మాస్కు తియ్యండి" అంది. తీశాను.

"మీకెలా అంటింది?"

"రుచి చూశానండీ."

"ఎప్పుడు?"

"పాప కొరికాక."

"కొరికాక?"

"అవునండీ. ఎంత మంటో తెలుద్దామని."

డాక్టరమ్మ తల తిప్పి గోడమీది క్యాలెండరు చూడ్డం మొదలుపెట్టింది. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి ఇటు తిరిగి, పెదవులకి రాసే మందు ఒకటి రాసి, "ఇది ఇద్దరికీ. రాసుకోవాలి. రుచి చూడొద్దు" అంది.

బయటికొచ్చి బెంచీమీద కూలబడగానే ఫోన్ మోగింది. అత్తగారి వీడియో కాల్. రోజూ ఆ వేళకి మనవరాలిని చూసుకోవడం ఆవిడకి అలవాటు. నేను ఆలోచించేలోపు పాప పచ్చబొత్తాం నొక్కేసింది. అది నాలుగేళ్ళ పిల్లయినా ఫోను దగ్గర నాకంటే పెద్దది.

"అమ్మమ్మా! నా కంట్లో పసుపు నీళ్ళొచ్చాయి! నాన్న కూడా కొరికాడు!"

"ఓలమ్మ నా తల్లే! ఏటైందే నా తల్లికి?" అంటూ అత్తగారు లబలబలాడుతుంటే, ఆవిడ భుజంమీంచి బావ తల వచ్చింది. ఒక్క క్షణం భయం చూశాను ఆ మొహంలో, అది నిజం. కన్ను బాగానే ఉందట అని నేను చెప్పాక ఆ భయం పోయింది. దాని స్థానంలో వచ్చినదాన్ని వర్ణించడం నా వల్ల కాదు.

"బావా, గుంట కొరికింది సరే. నువ్వేటి కొరికినావు?"

"బావా, అది తర్వాత..."

"పాయసం అనుకున్నావేటి?"

నేను కాల్ కట్ చేసేలోపు ఆయన ఫోన్ తెరమీంచి మా ఇద్దరి బొమ్మ పట్టేశాడు. మా ఆవిడ బస్సు దిగి పరుగున వచ్చేసరికి, ఆ బొమ్మ మా కుటుంబం గ్రూపులో ఉంది. తండ్రీ కూతురూ చెంప చెంపా ఆనించి, ఒకే కొలత మీసాలతో. కింద 'మీసాల మాస్టారు, మీసాల పాప' అని బావ రాశాడు. దానికి చిన్నాన్నలూ పిన్నులూ అందరూ పడీపడీ నవ్వే బొమ్మలు పెట్టారు.

మా ఆవిడ నన్ను చూడలేదు. పాపని ఎత్తుకుని, వెలుగులోకి తీసుకెళ్ళి, తను కూడా రెప్ప విప్పి చూసుకుంది. డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళి తన చెవులతో వింది. అప్పుడు వచ్చి నా పక్కన కూర్చుంది. నేను మళ్ళీ పెట్టుకున్న మాస్కు కిందికి లాగి చాలాసేపు చూసింది.

"పిల్లకి తోడుగా కొరికారా?"

"ఊఁ."

"రేపు అది నూతిలో పడితే, లోతెంతో తెలుద్దామని మీరూ దూకేస్తారేటి?" అంది. అని, నవ్వు మొదలుపెట్టి, మధ్యలో ఏడ్చింది. పాప ఇద్దరికీ చెరొక చెంపా తుడిచింది.

భయం అక్కడితో అయిపోలేదు. చుక్కలు వెయ్యాలి కదా. సీసా చూస్తే చాలు, పాప కళ్ళు రెండూ బిగించేసి మంచం కిందికి దూరిపోయేది. రెండోరోజుకి వాపు తగ్గకపోగా కంటి మూల పుసి చేరింది. మందు లోపలికి పోతేనే కదా! మా ఆవిడ ఊళ్ళో పిల్లలందరికీ సూదులేసే మనిషి. సొంత పిల్ల "అమ్మా, వద్దమ్మా" అంటే సీసా నా చేతిలో పెట్టేసింది. నేను పట్టుకుంటే తను వెయ్యలేదు, తను పట్టుకుంటే నేను వెయ్యలేను. చుక్కలన్నీ తలగడకి పడుతున్నాయి. బలవంతంగా రెప్ప విప్పితే గోరు తగులుతుందేమోనని ఇద్దరికీ భయం. అవతల గ్రూపులో బావ పూటకొక జోకు పెడుతున్నాడు. 'మాస్టారి మీసం ఎంత మొలిచింది?' 'ఈ ఏడాది మా బావకి జీడి దిగుబడి మూతిమీదే.'

ఆ సాయంత్రం సీసా పట్టుకుని మంచం పక్కన నేలమీద పడుకున్నాను. మంచం కింద పాప. ఫోనులో టింగుమని ఇంకో జోకు వచ్చింది. అది చూశాక నోట్లోంచి అబద్ధం దానంతటదే వచ్చింది.

"నీకో రహస్యం చెప్పనా? మావయ్యకి మీసం ఎందుకుందో తెలుసా?"

మంచం కింద ఊపిరి ఆగింది. వింటోంది.

"మావయ్య కూడా చిన్నప్పుడు జీడి కొరికేశాడు. నీలాగే, నాలాగే మీసం వచ్చింది. అమ్మమ్మ మందు వేస్తానంటే మంచం కింద దాక్కున్నాడు. వేయించుకోలేదు. ఇంక అది పోలేదు. అలా పెరిగీ పెరిగీ... చూశావుగా ఎంతైందో!"

చూసే ఉంటుంది. బావ మీసం ఉద్దానంలో పేరున్నది. రెండువైపులా పైకి తిరిగి, నూనె రాసి, దువ్వి, ఆయన తోటకంటే శ్రద్ధగా పెంచుకున్నది.

కాసేపటికి మంచం కిందనుంచి ఒక తల వచ్చింది. "పాపం మావయ్య" అంది. నా ఒళ్ళో వెల్లకిలా పడుకుని, పిడికిళ్ళు బిగించుకుని, రెండు కళ్ళూ తెరిచింది. చుక్క కుడికంట్లో సరిగ్గా నడిమధ్యన పడింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ మొహం కొంగుతో కప్పుకుంది. నవ్వుకో మరెందుకో అడగలేదు.

ఆ తర్వాత ప్రతి పూటా పాపే సీసా తెచ్చిచ్చేది. రెప్ప దిగింది. ఒకరోజు పొద్దున్న లేచి ఎడమకన్ను మూసుకుని, "నాన్నా, నువ్వు కనపడుతున్నావు. బాగులేవు" అంది. నిజమే, నా మూతిమీద పొర ఊడుతోంది. అంత చక్కటి మాట నన్నెవరూ ఎప్పుడూ అనలేదు.

ఆదివారం బావ పిక్కలు కాల్చడానికి వచ్చాడు. అత్తగారినీ, ఇద్దరు పిన్నత్తల్నీ కూడా వెంటబెట్టుకొచ్చాడు. మా మూతులు స్వయంగా చూసుకుందామని వాళ్ళకీ ఉంది. ఆయన కుర్చీలో కూర్చుని మీసం మెలేస్తూ, "ఏటి బావా, పొద్దున్న ఏటి కొరికినావు?" అని మొదలుపెట్టాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పెదవి ఇప్పుడు లాగడం లేదు.

పాప ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. నవ్వలేదు. ఆ మీసం చివరనుంచి చివరదాకా చూసింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మావయ్యా, నొప్పెడుతోందా?"

"ఏటమ్మా?"

"జీడి కొరికినావు కదా. మందేసుకోలేదు కదా. ఎంత పెద్దదైపోయిందో!"

"ఎవులు సెప్పినారే నీకు?"

పాప లోపలికి పరుగెత్తి పెదవుల మందు పట్టుకొచ్చింది. "నేను రాస్తాను. మండదు మావయ్యా. నేను రాసుకున్నాను" అంటూ మూత తీసింది. బావ తల వెనక్కి తీశాడు. పాప కింది పెదవి వణికింది.

"ఒరే, కదలకురా!" అని అత్తగారు కేకేసింది. "గుంట ఏడ్సిందంటే కంటికి మంచిది కాదు. రాయించుకో."

బావ నావైపు చూశాడు. నేను ఆకాశంవైపు చూశాను. అప్పుడు పాప రెండు చిట్టి చేతులతో, ఒకవైపు అయ్యాక ఇంకోవైపు, ట్యూబు మొత్తం పిండి ఆ మీసానికి రాసింది. పైకి తిరిగిన కొసలు మెల్లగా కిందికి వాలాయి. పెదవి విప్పితే మందు నోట్లోకి పోతుంది గనక ఆయన ఒక్క మాట కూడా అనలేకపోయాడు. పిన్నత్తలిద్దరూ గోడకి చేరబడి, కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

నేను జేబులోంచి ఫోన్ తీసి, వెలుగు బాగా పడేలా చూసుకుని, ఆ బొమ్మ పట్టి గ్రూపులో పెట్టాను. కింద ఏమీ రాయలేదు.